ఇనుము తినే పురుగు



ఈ సాయంత్రం మీకో పురుగును పరిచయం చేస్తాను. దూడంత ఉంటుంది. వీపు మీద దళసరి పెంకు, ముఖం దగ్గర రెండు పొడవాటి మీసాలు, తోక చివర తెడ్డులాంటి ఎముక. మీ నెత్తురు దానికి అక్కర్లేదు. మీ మాంసమూ అక్కర్లేదు. మీ చేతిలో కత్తి ఉంటే అది కావాలి. మీసం కొస తగిలితే చాలు, ఎంత మేలిరకం ఇనుమైనా అక్కడికక్కడే తుప్పుపట్టి పొడిపొడిగా రాలిపోతుంది. రాలిన పొడిని పురుగు తీరిగ్గా తింటుంది. అదే దాని భోజనం.

మన్యం అడవుల్లో వెతకకండి, దొరకదు. అది ఒక ఆటలో పుట్టిన పురుగు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో దాన్ని తయారుచేశారు. మొదటి విడతలో అచ్చువేసినవి 1000 పెట్టెలే. కాలేజీ పిల్లల్లో కొందరికి ఈ ఆట తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు కవచం తొడిగిన యోధుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ, ఒకడు పూజారి. "ఎదురుగా చీకటి గుహ ఉంది, ఏం చేస్తారు?" అని కథ నడిపేవారు అడుగుతారు. "కత్తి దూసి లోపలికి వెళ్తాను" అంటాడు యోధుడు. వెళ్ళి గెలిచాడో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. నోటితో అల్లుకుంటూ పోయే కథ అది. దాని ముగింపు ఎవరికీ ముందుగా తెలియదు.

మన పురుగు పుట్టుక కూడా తమాషాగానే ఉంటుంది. ఆ రోజుల్లో హాంకాంగ్‌లో చేసిన చవకరకం ప్లాస్టిక్ బొమ్మలు అమెరికా దుకాణాల్లో సంచుల లెక్కన దొరికేవి. రాక్షసి బల్లులని పేరేగానీ, భూమ్మీద ఏ జంతువునూ పోలని ఆకారాలు. గైగాక్స్ వాటిని కొని ఆటబల్ల మీద పెట్టుకున్నాడు. బొమ్మలున్నాయి, వాటికి గుణాలు లేవు. ఆ గుణాలు ఆయన కల్పించాడు. ఒక బొమ్మ ఇనుము తినే పురుగైంది. ఆటకు అనుబంధంగా 1975లో వచ్చిన గ్రేహాక్ పుస్తకంలోకీ, 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లోకీ ఎక్కింది. ఇంగ్లీషులో దాన్ని రస్ట్ మాన్‌స్టర్ అంటారు. మనం తుప్పు పురుగు అనుకుందాం. లోకంలోని ఇనుమంతా తినగల ఈ పురుగుకు మూలం తుప్పే పట్టని ప్లాస్టిక్ బొమ్మ!

జీవశాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు. కీటకానికి ఆరు కాళ్ళుండాలి కదా, దీనికి నాలుగే ఉన్నాయేమిటని. నిజమే. మీసాలూ పెంకూ చూసి పురుగంటున్నాం గానీ, లెక్కప్రకారం ఇది పురుగు కాదు. రాక్షస పురుగుల దగ్గర కాళ్ళ లెక్క ఎప్పుడూ కుదరదు. ఎనిమిది కాళ్ళ పురుగు ఒకటి మన భారతంలోనే ఉంది. దాని దగ్గరికీ వెళ్దాం. ముందు ఈ తుప్పు పురుగు ఆటలో ఏం చేస్తుందో చూడాలి.

ఆట సాగేకొద్దీ యోధుడి బలం పెరుగుతుంది. మొదట తోలు కవచం, తర్వాత గొలుసుల కవచం, ఆపైన నిలువెల్లా ఉక్కు రేకులు. బాణం దిగదు, కత్తి తెగదు. గుహలో అందరికంటే ముందు నడిచేది అతనే. మంత్రగాడు నూలుబట్టలు కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, అతని వెనక నక్కి నడుస్తుంటాడు. అలాంటి గుహలో ఒక మలుపు దగ్గర తుప్పు పురుగు మీసాలు కదిలించింది. ఏం జరుగుతుంది? మహావీరుడు వెనక్కి పరుగెత్తుతాడు! కర్ర పట్టుకున్న బక్కపలచని మంత్రగాడు ముందుకొస్తాడు. కర్రను ఆ పురుగు ఏమీ చెయ్యలేదు. బట్టలను ముట్టదు. తొలి పుస్తకాల్లో దాని దాడికి మనిషి ఒంటి మీద చిన్న గాయం కూడా కాదు. ప్రాణాలు తీసే డ్రాగన్ ఎదురైనా నిలబడే యోధుడు, గీరడం కూడా చేతకాని ఈ పురుగును చూసి పారిపోతాడు.

రాక్షసిని కల్పించమంటే మనకు తోచే పద్ధతి ఒకటుంది. కోరలు పెంచుతాం. కాళ్ళు పెంచుతాం. విషం పోస్తాం. ఏనుగంత చేస్తాం. అవన్నీ శరీరాన్ని భయపెడతాయి, అంతే. తుప్పు పురుగు అలా కాదు. వీరుడికి ఏది బలమో దాని మీదికే వస్తుంది. ఎంత ఎక్కువ ఇనుము తొడుక్కుంటే దానికి అంత విందు. బలహీనుడి జోలికి పోదు, వాడి దగ్గర దానికి కావలసింది లేదు. ఈ ఎత్తు తెలిసిన పురుగు మన కథల్లో గైగాక్స్ కంటే ఎన్నో శతాబ్దాల ముందే ఉంది.

భారతం శాంతిపర్వంలో, యుద్ధమంతా ముగిశాక, కర్ణుడు తన అన్న అని తెలిసి ధర్మరాజు కుమిలిపోతున్నప్పుడు నారదుడు ఈ కథ చెబుతాడు. బ్రహ్మాస్త్రం కోసం కర్ణుడు బ్రాహ్మణుణ్ణని చెప్పుకుని పరశురాముడి దగ్గర శిష్యుడిగా చేరాడు. అస్త్రం దక్కింది. ఒకనాడు ఉపవాసాలతో అలిసిన గురువు శిష్యుడి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయాడు. అప్పుడొచ్చింది అలర్కమనే పురుగు. ఆకారం పందిలా ఉంటుంది. ఎనిమిది కాళ్ళు, వాడి కోరలు, ఒళ్ళంతా సూదుల్లాంటి వెంట్రుకలు. పశువుల ఒంటి మీద పట్టే పిడుదు కూడా ఎనిమిది కాళ్ళదే, నెత్తురు తాగేదే. ఆ పిడుదును పందంత పెంచితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది కర్ణుడి తొడ తొలిచింది. కదిలితే గురువుకు నిద్రాభంగం. కర్ణుడు కదల్లేదు.

నెత్తురు తగిలి పరశురాముడు లేచాడు. ఆయన చూపు పడగానే పురుగు ప్రాణం వదిలి, అసలు రూపంలో నిలబడింది. అతను దంశుడనే రాక్షసుడు. ఒకప్పుడు భృగు మహర్షి భార్యను అపహరించి, శాపం తగిలి పురుగై పడి ఉన్నాడు. భృగువంశంలో పుట్టిన పరశురాముడి వల్ల విముక్తి అని శాపానికి గడువు. పురుగు కథ అక్కడితో సుఖాంతం. కర్ణుడి కథ అక్కడే అడ్డం తిరిగింది. "ఇంత నొప్పి ఓర్చుకున్నవాడివి, బ్రాహ్మణుడివి కావు, ఎవరివి?" అని గురువు నిలదీశాడు. నిజం బయటపడింది. చావు ముంచుకొచ్చిన వేళ అస్త్రం నీకు స్ఫురించదని శాపం పెట్టాడు.

ఇంద్రుడే పురుగై వచ్చాడని జనంలో ఇంకో కథ ఉంది. ఎవరొచ్చినా జరిగిన పని ఒకటే. ఆ పురుగు కర్ణుణ్ణి చంపలేదు. గాయం మానిపోయేదే. అది పట్టుకుపోయింది ఆయుధాన్ని. పైగా అతని గుట్టు విప్పింది పిరికితనం కాదు, ఓర్పు. నొప్పికి అరిచి ఉంటే కర్ణుడు బతికిపోయేవాడు. అరవకుండా నిలిచిన గొప్పతనమే అతన్ని పట్టించింది. అలర్కం కాటు పడింది తొడ మీద కాదు, అతని బలం మీద. అమెరికాలో ఆటబల్ల మీద పుట్టిన తుప్పు పురుగుకు అన్నగారు ఈ అలర్కం.

ఇక మన ఊరికి వద్దాం. తుప్పు పురుగుకు ఈ దేశంలో ఒక ఊరు రాసివ్వాలంటే విశాఖపట్నమే రాసివ్వాలి. ఓడరేవు 1933లో తెరుచుకుంది. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో పునాది వేయించిన నౌకానిర్మాణ కేంద్రం నుంచి జల ఉష 1948లో సముద్రంలోకి దిగింది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలో దిగివచ్చి ఇక్కడే ఓడలెక్కింది. 1966లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని వీధుల్లోకి వచ్చి జనం ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. సముద్రపు ఒడ్డున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారం ఈ దేశంలో మనదే. దాని బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. ఓడలు, క్రేన్లు, పట్టాలు, వంతెనలు, గొట్టాలు... ఈ ఊరి బలమంతా ఇనుమే.

ఇనుము ఇక్కడికి ఎందుకొచ్చింది? సముద్రం ఉంది గనుక. ఆ ఇనుమును తినేది ఏది? ఆ సముద్రమే. బీచ్ రోడ్డు మీద ఇల్లున్నవారికి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. కిటికీ గ్రిల్లుకు ఎన్నిసార్లు రంగు వేయించినా కింద నుంచి ఎర్రగా ఉబ్బుకొస్తుంది. గేటు కీలు బిగుసుకుపోతుంది. వరండాలో పెట్టిన సైకిల్ గొలుసు ఒక్క వర్షాకాలానికే పట్టేస్తుంది. ఉప్పు గాలండీ, ఏం చేస్తాం అనుకుంటాం. ఆటలో మీసం తగిలిన క్షణంలో అయ్యే పని ఇక్కడ ఏళ్ళు పడుతుంది. తేడా అదొక్కటే.

2020 అక్టోబరు వాయుగుండంలో ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. అది అక్కడ నిలిచిపోయిన రోజుల్లో వెళ్ళి చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అంత పెద్ద ఓడ ఒంటి మీద ఆ ఎరుపు ఎలా పాకిందో. ఆర్కే బీచ్‌లో మన కురుసురా జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి తీసుకుని, 2002 నుంచి ప్రదర్శనశాలగా నిలబడింది. కొలువు ముగిసినా దాని యుద్ధం ముగియలేదు. ఎదురుగా సముద్రం ఉన్నంతకాలం దానికి రంగులూ మరమ్మతులూ తప్పవు.

ఈ పురుగు ఎక్కడ కాపురముంటుందో కూడా చెప్పాలి. జెట్టీ కింద నీళ్ళలోకి దిగిన ఇనుప స్తంభాన్ని చూడండి. ఎప్పుడూ మునిగి ఉండే భాగం కన్నా, అల వచ్చి తడిపి వెనక్కి పోయే ఎత్తులోని భాగమే ముందు చివికిపోతుంది. తుప్పుకు నీరు కావాలి, గాలిలోని ఆక్సిజన్ కూడా కావాలి. రెండూ సమృద్ధిగా దొరికే చోటు అది. నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా పారుతుంది, ఇనుము కరగడం జోరందుకుంటుంది. ఉప్పులోని క్లోరైడు ఇనుము మీద ఉండే పలచని రక్షణ పొరను కూడా ఛేదిస్తుంది. సిమెంటు లోపల దాక్కున్న ఇనుప కడ్డీ కూడా తప్పించుకోలేదు. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండింతల నుంచి ఆరింతల దాకా. కడ్డీ ఉబ్బి సిమెంటును లోపలినుంచి పగలగొడుతుంది. పాత మేడల్లో స్లాబు పెచ్చులూడి మంచం మీద పడేది అందుకే.

ఉక్కు కర్మాగారంలో జరిగే పనిని గుర్తు తెచ్చుకుంటే ఈ పురుగు ఎంత గడుసుదో తెలుస్తుంది. ఖనిజంలో ఇనుము ఒంటరిగా ఉండదు, ఆక్సిజన్‌ను కావలించుకుని ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు ఆ ఆక్సిజన్‌ను లాగేసి ఇనుమును విడిపిస్తుంది. తుప్పంటే ఇనుము మళ్ళీ ఆక్సిజన్ కౌగిట్లోకి చేరడం. అన్నపూర్ణ ఫర్నేసు రాత్రింబవళ్ళు మండి విడదీసిన జంటను ఈ పురుగు చల్లగా, నిప్పు లేకుండా, పైసా ఖర్చు లేకుండా మళ్ళీ కలుపుతుంది. ఉక్కు కర్మాగారాన్ని తలకిందులు చేస్తే తుప్పు పురుగు.

నిజంగా దూడంత పురుగు ఎక్కడా ఉండదా అని పిల్లలు అడుగుతారు. ఉండలేదు. ఒంటి కొలతలు రెట్టింపైతే బరువు ఎనిమిదింతలవుతుంది, ఆ బరువు మోసే కాలి అడ్డుకోత వైశాల్యం నాలుగింతలే అవుతుంది. ఆ కాళ్ళు ఆ బరువు మొయ్యలేవు. పైగా కీటకాలకు మనలా ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కన ఉన్న రంధ్రాల నుంచి సన్నని గొట్టాల్లో గాలి లోపలికి చేరాలి. పెద్ద ఒంట్లో ఆ గాలి మూలమూలకూ అందదు. అయినా ఒక కాలంలో ఇప్పటికంటే పెద్ద పురుగులు తిరిగాయి. ఫ్రాన్సులో కొమాంత్రీ బొగ్గు గనుల్లో దొరికిన మెగాన్యూరా అనే తూనీగ జాతి జీవికి రెక్కలు చాస్తే దాదాపు 65 సెంటీమీటర్లు. 30 కోట్ల ఏళ్ళ కిందటి మాట. అప్పుడు గాలిలో ఆక్సిజన్ ఇప్పటి 21 శాతంకంటే బాగా ఎక్కువని, అందుకే అవి అంత పెరిగాయని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ తర్వాతి పెర్మియన్ యుగపు అడవులే ఆస్ట్రేలియాలో బొగ్గయ్యాయి. మన ఫర్నేసుల కోసం ఓడల్లో దిగే కోకింగ్ బొగ్గులో చాలా భాగం ఆ అడవులదే. రాక్షసి తూనీగల వెనకే వచ్చిన కాలపు చెట్లను కాల్చి ఇనుము తీస్తున్నామన్నమాట.

సరే, ఈ పురుగును ఎదుర్కొనేదెలా? ఆటలో పాతకాపులకు ఒక ఉపాయం తెలుసు. సంచిలో పిడికెడు ఇనుప మేకులు పెట్టుకుంటారు. పురుగు తరుముకొస్తే మేకులు విసిరి పరుగు తీస్తారు. అది మేకుల దగ్గర ఆగి తినేలోపు కత్తిని కాపాడుకుంటారు. ఇదేదో చిన్నపిల్లల తెలివి అనుకోకండి. రేవులో నిలిచిన చాలా ఓడల దగ్గర ఇదే ఉపాయముంది. నీటి కింద ఓడ ఒంటికి జింకు దిమ్మలు బిగిస్తారు. సముద్రం ముందు జింకును తింటుంది. జింకు ఉన్నంతసేపు ఉక్కు జోలికి రాదు. దిమ్మలు అరిగిపోతే డ్రై డాక్‌లో కొత్తవి వేస్తారు. ఈ ఉపాయానికి ఆద్యుడు ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. 1824లో యుద్ధనౌకల రాగి తొడుగును కాపాడటానికి ఇనుమూ జింకూ ఎర వేశాడు. రాగి భద్రంగా మిగిలింది. కానీ రాగి కరగడం ఆగేసరికి దాని విషం పోయి, నత్తలూ నాచూ ఓడ అడుగున గుంపులుగా పట్టాయి, ఓడ వేగం తగ్గింది. ఒక పురుగును ఆపితే ఇంకొకటి వచ్చింది. కథ నడిపేవారికి ఇంతకంటే మంచి మలుపు ఎక్కడ దొరుకుతుంది?

ఆటలో మంత్రించిన కత్తికి తుప్పు తేలిగ్గా పట్టదు. మన దేశంలో అలాంటి మంత్రం వేసిన ఇనుము ఒకటుంది, ఢిల్లీ ఇనుప స్తంభం. గుప్తుల కాలంనుంచి దాదాపు 1600 ఏళ్ళుగా నిలబడింది. ఆ మంత్రం పేరు భాస్వరం. పాత కమ్మరుల ఇనుములో అది ఎక్కువగా మిగిలి, పైన పలచని రక్షక పొర కట్టడానికి తోడ్పడింది. ఢిల్లీ పొడి గాలి కూడా కలిసొచ్చింది. అటువైపు, అసలైన ఇనుము తినే ప్రాణి కంటికే కనిపించదు. అట్లాంటిక్ అడుగున టైటానిక్ శిథిలాల తుప్పులో దొరికిన ఒక బాక్టీరియాకు 2010లో హాలోమోనాస్ టైటానికే అని పేరు పెట్టారు. రాక్షసి కావడానికి పరిమాణం అవసరం లేదని అదే సాక్ష్యం.

ఇప్పుడు ఆట రాసుకునే పిల్లలకు ఒక మాట. కొత్త రాక్షసిని కల్పించేటప్పుడు దానికెన్ని కోరలని మొదలుపెట్టకండి. మీ వీరుడు దేన్ని చూసుకుని మురిసిపోతున్నాడో ముందు అడగండి. జ్ఞాపకశక్తా? జ్ఞాపకాలు మేసే పురుగును పెట్టండి. మాటకారితనమా? మాటలు జుర్రుకునే పురుగును పెట్టండి. ఎప్పుడూ కలిసి ఉండే స్నేహబృందమా? వాళ్ళ మధ్య నమ్మకాన్ని కొరికేదాన్ని పెట్టండి. అప్పుడు పాచిక వెయ్యకముందే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఆలోచనలో పడతారు.

విశాఖలో ఆడే ఆటైతే వీరుణ్ణి కూడా మార్చమంటాను. ఈ పురుగుకు చావు లేదు. ఒక్క వేటుతో గెలిచే కత్తి లేదు. ఇక్కడ కవచం తొడిగిన యోధుడు దండగ. ఓడ పక్కన తాళ్ళకు వేలాడే పలక మీద కూర్చుని, చిప్పింగ్ సుత్తితో పెచ్చులు రాల్చి, వైర్ బ్రష్షుతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసే పనివాణ్ణి వీరుడిగా తీసుకోండి. అతను పూసే ఆ ఎర్ర రంగులో ఉన్నది కూడా ఇనుప ఆక్సైడే. అంటే తుప్పు చుట్టాన్నే తుప్పుకు కాపలా పెడుతున్నాడు. అలాంటి యుక్తి ఏ మంత్రగాడికి తోస్తుంది? అతని చేతిలో ఉన్న సుత్తి కూడా ఇనుమే. దాన్నీ తుడిచి నూనె రాసి పెట్టుకుంటాడు. ఈ మూల పూర్తయ్యేసరికి ఆ మూల మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ నిచ్చెన వేస్తాడు. గెలుపంటే పురుగును చంపడం కాదు, రేపు ఉదయానికి ఓడ తేలుతూ ఉండటం. అతనికి పాచికల్లో ఇరవై పడకపోయినా పరవాలేదని నియమం రాయండి. రోజూ వస్తే చాలని రాయండి. ఆ నియమం మీద ఈ ఊరి ఓడలన్నీ తేలుతున్నాయి.